మొక్కు తీరిందని ఆపిన సూది

నా గొంతు చిన్నప్పటిసంది గరగరనే. మెల్లగ మాట్లాడినా కొట్లాడుతున్నట్టే ఉంటది. చదువు నాకు సంతకం దాంకనే వచ్చింది, అందుకే నేను చెప్తుంటే మా అక్క మనుమరాలు రాస్తున్నది. దవాఖానల్ల కొత్తగ పనికి చేరే పిల్లలు, ఆయమ్మలు, నర్సు కోర్సు చేసెటోళ్లు, మీ కోసమే ఈ ముచ్చట. పెద్ద పెద్ద ఆపరేషన్ల ముచ్చట గాదు. ఒక సూది ముచ్చట. నా కొలువంత అయిపోయినంక ఎన్కకు తిరిగి చూస్తే, నేను గట్టిగ నిలవడ్డ దినం గిదొక్కటే కనవడ్డది.

మా ఆయన మార్కెట్ యార్డుల హమాలి. ఒకనాడు బస్తా దించి గోడకు ఒరిగి కూసున్నడు, మల్ల లేవలె. ఆయన దినాలైనంక నేను సిద్దిపేటల ఒక ప్రైవేటు దవాఖానల ఊడ్చే పనికి చేరిన. ఊడ్చుడు నుంచి తుడుచుడుకు, తుడుచుడు నుంచి బెడ్ల కాడికి, ఆఖరుకు షుగర్ డాక్టర్ సారు దగ్గర బరువు మిషిను కాడికి వచ్చిన. మా ప్రమోషన్లు గిట్లనే ఉంటయి.

మిషిను కాడ పని ఏంది, చెప్పులిడిపిచ్చుడు, సీదా నిలవెట్టుడు, అంకె చూసి సిస్టరమ్మకు చెప్పుడు. అంకెలు నాకు వచ్చు, అక్షరాలే రావు. మనుషుల వేషాలన్ని ఆ మిషిను మీదనే చూసిన. కొందరు గాజులు తీసి నా చేతుల వెడుదురు. కొందరు పిన్నీసు గూడ తీస్తరు. బజార్ల బంగారం దుకాణపాయన ఒకాయన మిషినెక్కినప్పుడల్ల ఊపిరి బయటికి ఇడిచేటోడు. "సారూ, గాలికి బరువుండదు, పీల్చుకో, సస్తవు" అంటే, "నీకేం తెలుసు ఆయమ్మా, నా కడుపుల గాలే ఉన్నది" అనెటోడు.

గట్లుండంగ బరువు తగ్గే సూది వచ్చింది. మీకు తెలిసే ఉంటది, పెన్ను లెక్కుంటది, వారానికొక్కపారి పొట్టమీద పొడుసుకునుడు. ఆకలి సచ్చిపోతది. నాలుగు బుక్కలకే కడుపు నిండినట్టయితది. మొదట్ల కొందరికి వాంతులు, కడుపుల తిప్పుడు. ముందుగాల పైసలున్నోళ్లే వచ్చిన్రు, అది గూడ ఎవ్వలకు తెల్వకుంట. పెండ్లిళ్ల ముంగట మొదలువెట్టుడు, ఫొటోలు దిగుడు, పెండ్లయినంక ఆపుడు. ఆపినోళ్లు జర దినాలకు మల్ల వచ్చి నా మిషినెక్కిన్రు. పోయిన బరువు పోయిన తొవ్వలనే తిరిగి వచ్చింది.

మా సారు మెత్తటి మనిషి. కోపమొచ్చినా పెన్ను మూత కొరుకుడు తప్ప ఏం జెయ్యడు. ఒక్కొక్కలకు ఓపిగ్గ చెప్పెటోడు. "చూడమ్మా, బీపీ గోలి వేసుకుంటే బీపీ తగ్గుతది. తగ్గిందని గోలి ఆపితే మల్ల పెరుగుతది. గిది గూడ అంతే. జ్వరం గోలి గాదు ఇది, తగ్గంగనే ఆపుడుకు." అందరు తలకాయ ఊపేటోళ్లు. ఊపి పోయి ఆపేటోళ్లు.

ఇగ రాయపోలామె సంగతి.

ఆమెది రాయపోలు. వర్గల్ దిక్కు ఒక బిస్కెట్ల కంపెనీల ప్యాకింగ్ పని. పొద్దంత బెల్టు ముంగట నిలవడి డబ్బాలల్ల సర్దుడే. నలభై దాటలె గని, మా దవాఖాన మెట్లెక్కేటప్పుడు మెట్టు మెట్టుకు ఆగేది. షుగరున్నది, మోకాళ్ల నొప్పులు, నిద్రల ఊపిరి ఆగిపోయి ఉలిక్కిపడి లేస్తదట. పెనిమిటి ఆటో నడుపుతడు గని, ఇల్లు నడిచేది ఈమె కొలువు మీదనే. వాళ్ల సూపర్‌వైజరు ఒకపారి అన్నడట, "ఇక్కడ కూసుండి చేసే పని లేదమ్మా. నిలవడలేకపోతే చెప్పు, వేరేటోళ్లను వెట్టుకుంటం" అని.

మొదటిపారి మిషినెక్కినప్పుడు కండ్లు మూసుకున్నది.

"ఏంది బిడ్డా, నువ్వు కండ్లు మూసుకుంటే మిషిను గూడ మూసుకుంటదా?" అన్న.

"గట్టిగ చెప్పకవ్వా, అంత మంది ఉన్నరు. నీ గొంతు బస్టాండు దాంక ఇనవడతది" అన్నది. ఆనాటిసంది మేమిద్దరం సోపతి.

సారు సూది రాసిండు. ఆ సూది పిరం. ఆమె జీతం సూది ఎన్కనే పోతది, ఇంట్ల పొయ్యి ఎలగదు. అయితే వాళ్ల కంపెనీ పనోళ్లందరికి ఇన్సూరెన్స్ కార్డు ఇచ్చింది, బయట కొనే మందులకు గూడ పనికొచ్చే కార్డది. అట్ల ఈ ముచ్చట మా కౌంటర్ మేడం దగ్గరికి వోయింది.

ఇన్సూరెన్స్ కౌంటర్ల కూసుండే ఆ మేడం బట్టల దుకాణపోళ్ల బిడ్డ. నోరు కొడవలి. పేషెంట్ల మీద, ఫోన్ల మీద, ఆఖరుకు కంప్యూటర్ మీద గూడ ఒర్రుతది. మధ్యాన్నం మిర్చి బజ్జీలు తెప్పిచ్చుకుంటది, అవి తినేటప్పుడు ఒక్కటే నెమ్మదిగుంటది. మాకు ఏ పని కావాలన్నా బజ్జీల టైముకే పోతుంటిమి.

ఇన్సూరెన్సోళ్లు ముందుగాల కాదన్నరు. అందం కోసం వాడే మందులకు మేం ఇయ్యమని రాసిన్రు. కౌంటర్ మేడం కుర్చీలకెల్లి లేచింది. "అందమట అందం! సారూ, ఈమె మెట్లెక్కుతుంటే ఒక్కపారి వీడియో తీసి పంపున్రి వాళ్లకు, ఎంత అందంగుంటదో చూస్తరు." సారు షుగరు సంగతి, నిద్రల ఊపిరి సంగతి, మోకాళ్ల సంగతి రాసి పంపిండు. గప్పుడు సరే అన్నరు. ఒక ఏడాదికి ఇస్తం, నెలనెల బరువు పంపాలె అన్నరు.

నెలనెల నేనే చూసిన. రెండో నెలకు కండ్లు తెరిచి ఎక్కింది. నాలుగో నెలకు అంకె నాకంటె ముందు తనే చదివింది. నిద్ర మంచిగొస్తున్నదన్నది. కంపెనీ బస్సు మెట్లు ఎవ్వల చెయ్యి పట్టుకోకుంట ఎక్కుతున్న అన్నది. పొద్దంత బిస్కెట్ల నడుమ నిలవడి ఒక్క ముక్క గూడ నోట్లేసుకోబుద్ధి గాదట. "అవ్వా, ఆకలి లేకుంటె ఇంత ఖాళీ టైము ఉంటదని తెల్వదు" అని నవ్వింది.

గిట్ల మంచిగ నడుస్తున్నప్పుడే జాతర వచ్చింది. రెండేండ్లకొక్కపారి వచ్చే అమ్మల జాతర. మన దిక్కు తెల్వనోళ్లు ఉండరు గని, పట్నంల పుట్టిన పిల్లల కోసం చెప్తున్న. ఆ అమ్మలకు మనిషెత్తు బెల్లం మొక్కుతరు. మనిషిని తక్కెట్ల కూసోవెట్టి అంత బరువు బెల్లం తూకి ఇస్తరు. బెల్లం అనరాదు దాన్ని, బంగారం అంటరు. రాయపోలామె అత్త, కోడలు మోకాళ్లు పట్టుకొని ఏడ్చిన దినాల్ల మొక్కిందట, "నా కోడలు మల్ల నిలవడి పని జేస్తే దాని నిలువెత్తు బంగారం ఇస్త తల్లీ" అని.

జాతర ముంగట ఆ అత్త మా దవాఖానకొచ్చింది. సన్నటి మనిషి, కట్టె లెక్క. సీదా నా దగ్గరికే వచ్చింది.

"మా కోడలు మొదట్ల ఎంత బరువుండె, చెప్పు చెల్లె."

"ఎందుకక్కా? ఇప్పుడు మస్తు తగ్గింది గదా."

"గదే కదా పంచాయితి. మొక్కినప్పుడు ఒక బరువుండె, ఇప్పుడొక బరువున్నది. ఇప్పటి బరువంత ఇస్తే అమ్మను మోసం జేసినట్టయితది. మొక్కిన దినం ఎంతున్నదో గంత ఇయ్యాలె."

నాకు నవ్వాగలె. సిస్టరమ్మను అడిగి పాత బరువు చెప్పిన. జాతరకు పోయిన్రు, పాత బరువంత బంగారం ఇచ్చిన్రు, ప్రసాదం తెచ్చి మాకందరికి పంచిన్రు. నేను తిన్న. కౌంటర్ మేడం బజ్జీ పక్కకు వెట్టి మరీ తిన్నది. షుగర్ డాక్టర్ సారు గూడ ఒక పలుకు నోట్లేసుకున్నడు. అందరం సంబురపడ్డం. ఆమె మా దగ్గరికి వచ్చుడు బంద్ వెట్టే ముంగటి ప్రసాదమని ఒక్కలకు తోచలె.

నెల వచ్చింది, రాయపోలామె రాలె. షిఫ్టు మారిందేమో అనుకున్నం. ఇంకో నెల, ఇంకో నెల. మా ఓపీల దినాం వందల మంది. రానోళ్ల గురించి ఆలోచన జేసే పని ఎవ్వలకు చెప్పలె, ఎవ్వలు జెయ్యలె.

ఎండలు ముదిరినంక ఒకనాడు చూస్తే, పిల్లరు సాటుకు నిలవడి ఉన్నది. మొఖం ఉబ్బింది. మోకాలు మీద చెయ్యి. నేను దగ్గరికి వోతే కండ్లు దించుకున్నది.

"యాడికి వోయినవే బిడ్డా?"

"సూది ఆపినవ్వా."

"సారు ఆపుమన్నడా?"

"లేదు. అత్త అన్నది, మొక్కు చెల్లినంక గూడ సూది పొడుసుకుంటే అమ్మను నమ్మనట్టేనని. అమ్మకు కోపమొస్తే ఉన్నది గూడ పోతదన్నది. నాకు గూడ నిజమే అనిపిచ్చింది. తగ్గింది గదా, ఇంకెందుకు అనుకున్న." కొంగుతోని మొఖం తుడుచుకున్నది. "ఒక నెల బాగానే ఉన్న. అటెంక ఆకలి ఎట్ల లేచిందో చెప్పరాదవ్వా. బెల్టు మీద పోయే బిస్కెట్టు బిస్కెట్టు నన్ను పిలుస్తున్నట్టే. నిన్న పని నడుమ రెండు సార్లు కూలవడ్డ. సూపర్‌వైజరు చూసిండు. ఈ ఎండకాలం దాటేదాంక చూస్తనన్నడు."

సారు తిట్టలె. పెన్ను మూత కొరికిండు. మల్ల చిన్న డోసు నుంచి మొదలువెట్టాలె, ఎక్కడ ఆపినమో గక్కడికెల్లి గాదు అన్నడు. కాయితం రాసి కౌంటరుకు పంపిండు.

కౌంటర్ మేడం కంప్యూటరు చూసింది. చాన సేపు చూసింది. ఒర్రలె. ఆమె ఒర్రలేదంటేనే నా పానం జల్లుమన్నది.

"ఈమె మందు తీసుకునుడు ఆపంగనే వాళ్లు కేసు మూసేసిన్రు. బరువు తగ్గింది, ఇగ అవసరం లేదు అని రాసుకున్నరు. ఇప్పుడు కొత్త కేసు లెక్క పెట్టుకోవాలెనట."

"పెట్టు మరి."

"పెట్టిన ఆయమ్మా, ఇప్పుడే పెట్టిన. కొత్త కేసుకు ఒక గీత ఉన్నది. మనిషి ఎత్తుకు ఇంత బరువు దాటితేనే సూది. ఈమె మల్ల పెరిగింది గని, గీత దాంక పెరగలె. ఇంకో మూడు కిలోలు తక్కువున్నది."

"తక్కువుంటే?"

"పెరిగి రావాలె" అన్నది మేడం.

రాయపోలామె నవ్వింది. గది నవ్వు గాదు. "బరువు తగ్గే మందు కోసం బరువు పెరగాల్నా మేడం?"

"నన్నడుగకు తల్లీ, నేను రాయలె ఆ రూలు. రెండు నెలలు బిర్యానీ తిని రా" అని మేడం కిటికీ అద్దం గుంజింది. చిరాకుల అన్నది గని, ఆమె కండ్లల్ల గూడ నీళ్లున్నయి, నేను చూసిన.

నాకు ఒక్కటే అనిపిచ్చింది. పని అయిపాయె గదా ఇంకెందుకు అని అత్త అన్నది. పట్నంల ఏసీల కూసున్నోళ్లు గూడ గదే మాట అన్నరు. అత్తయితే అమ్మవారికి భయపడ్డది. వీళ్లు దేనికి భయపడ్డరో నాకు ఇప్పటికి సమజ్ గాలె.

రాయపోలామెను బెంచి మీద కూసోవెట్టి నేను కౌంటరు కాడికి పోయిన. బజ్జీల టైము గూడ గాదు. అద్దం కొట్టిన.

"ఇంకో తొవ్వ లేదా?"

"అప్పీలని ఉంటది. పది కాయితాలు, ఇరవై ఫోన్లు. ఎవ్వలు జేస్తరు?"

"నువ్వు జేస్తవు."

"నాకేం పని లేదా ఆయమ్మా?"

"ఉన్నది. గిదే నీ పని. నువ్వు పెట్టేదాంక నేను గీడికెల్లి కదల. మిషిను కాడ లైను కడతది, సారు నిన్నే అడుగుతడు."

"బెదిరిస్తున్నవా?"

"అవు."

మేడం నన్ను గుర్రుగ చూసింది. అద్దం పూర తెరిచింది. "కుర్చీ తెచ్చుకో, కాళ్లు గుంజుతయి నీకు" అన్నది.

నాలుగు వారాలు ఆ ఫోన్ల మీదనే నడిచినయి. మేడం ఒర్రుడు నేను అంతకుముందు ఇన్నది ఉత్తదే అనిపిచ్చింది. ఒకలు మెయిలు అంటరు, ఒకలు మెయిలు రాలేదంటరు, ఒకలు ఇంగ్లీషుల లైన్ల వెట్టి పాట ఇనిపిస్తరు. ఆఖరుకు ఒప్పుకున్నరు. ఇన్సూరెన్స్ కంపెనీ డాక్టరమ్మ ఫోన్ల వీడియోల వస్తది, ఆమె ముంగటనే బరువు చూడాలె, ఆమె ఏం అడిగితే పేషెంటు చెప్పాలె. దినం చెప్పిన్రు.

ఆ దినం పొద్దుగాలనే రాయపోలామె వచ్చింది, ఎంబడి అత్త. ఇద్దరు మాట్లాడుకుంటలేరు. కోడలు నడక ఎట్లనో ఉన్నది, కడవలు మోస్తున్నట్టు అడుగులు దూరం దూరం వెడుతున్నది. ఎండకాలంల పట్టుచీర కట్టింది. మోకాళ్ల నొప్పేమో అని మిషిను కాడికి తెచ్చేటందుకు నడుము మీద చెయ్యేసిన. చేతికి గట్టిగ తాకింది. రాయి లెక్క.

నేను దవాఖానల ఎంతమంది నడుములు పట్టి లేపిన్నో లెక్కలేదు. మనిషి నడుము రాయి లెక్క ఉండదు.

"ఏందిది?"

కొంగు నడుము మీదికి గుంజుకున్నది. అత్త అటు దిక్కు గోడ చూస్తున్నది.

బాత్రూముల తీస్కపోయి గొళ్లెం పెట్టిన. చీర కుచ్చిళ్లు జరిపితే, లోపట పాత ధోవతి గుడ్డ మెలివెట్టి నడుముకు చుట్టి ఉన్నది. గుడ్డల తూకపు రాళ్లు. కిరాణం కొట్ల తక్కెట్ల వేసే ఇనుప రాళ్లు. కండకు గుచ్చుకొని ఎర్రగ కమిలింది.

"ఎవ్వలు కట్టిన్రు?"

"అత్తనే. మా మేనమామ దుకాన్లకెల్లి తెచ్చింది. నెలసంది పొద్దుమాపు నన్ను కూసోవెట్టి తినిపిస్తున్నదవ్వా. నెయ్యేసి, ముద్దలు గలిపి. నేనే ఆపిచ్చిన, నేనే ఎక్కిస్త అంటది. రెండు కిలోలు పెరిగిన. ఒకటి తక్కువైంది. ఇది ఒక్కటే దినం గదా అన్నది."

నాకు కోపం, నవ్వు, ఏడుపు, మూడు ఒక్కటేపారి వచ్చినయి. ఇన్నేండ్లు గాజులు తీసి, పిన్నీసులు తీసి, ఊపిరి తీసి మిషినెక్కినోళ్లను చూసిన. రాళ్లు కట్టుకొని వచ్చిన మనిషిని మొదటిపారి చూస్తున్న.

"ఇప్పు" అన్న.

"అవ్వా, నీ కాళ్లు మొక్కుత. ఒక్క కిలోనే. నువ్వు చూడనట్టుంటే అయిపాయె."

"ఇను బిడ్డా. ఇయ్యాల రాళ్లు కట్టుకొని ఎక్కుతవు. సరే అంటరు. వచ్చే నెల మల్ల బరువు చూస్తరు. గప్పుడు ఏం జేస్తవు? మల్ల కట్టుకుంటవు. ఒకనాడు మరిచిపోతవు. గానాడు నీ కేసు పోతది, సారు మాట పోతది, రేపు నీ ఎన్క వచ్చే ఇంకో ఆమెకు సారు రాస్తే ఎవ్వలు నమ్మరు. ఉన్న బరువు మోయలేకనే కదా మా దగ్గరికొచ్చినవు. లేని బరువు ఎన్నాళ్లు మోస్తవు?"

"ఉన్న బరువు చెప్తే ఇయ్యరు గదవ్వా!"

"ఇయ్యకుంటే ఇంకోపారి అడుగుదాం. ఆ ఫోన్ల డాక్టరమ్మ మీద ఇంకొకలు ఉంటరు, వాళ్లనడుగుదాం. నేను సచ్చేదాంక అడుగుత. గని నా మిషిను మీద రాళ్లు ఎక్కయి."

ఏడుస్తనే ముడి ఇప్పింది. రాళ్లు నీళ్ల బకెట్ ఎన్క వెట్టి గుడ్డ కప్పిన. బయటికొస్తుంటే అత్త మా చేతులు చూసింది, నడుము చూసింది.

సారు ఫోనును స్టాండు మీద వెట్టిండు. ఫోన్ల డాక్టరమ్మ. కండ్లద్దాలు, చిన్న వయసే. ఎన్క తెల్లగోడ. రాయపోలామె చెప్పులిడిచి మిషినెక్కింది. నేను అంకె చెప్పిన, దాసుకునేదేం లేదు గనుక నా గొంతు ఎట్లుంటదో గట్లనే చెప్పిన. బస్టాండు దాంక ఇనవడ్డా మంచిదే అనుకున్న.

"గీత కిందనే ఉన్నరమ్మా" అన్నది డాక్టరమ్మ.

"ఇది కొత్త కేసు గాదు మేడం, నడుమ ఆగిన కేసు" అన్నడు సారు. గట్టిగ అన్నడు, పెన్ను మూత కొరకకుంటనే. "మందు పని జేసింది కాబట్టే కింద ఉన్నది. పని జేసిన మందును పని జేసిందనే కారణానికి ఆపుడు వైద్యం గాదు."

"మరి ఎందుకు ఆపిన్రు పేషెంటు?"

ఫోనుకు కనవడకుంట కౌంటర్ మేడం నిలవడి ఉన్నది. స్టాకు లేకుండె అని చెప్పుమని ముందే చెప్పి పెట్టింది. ఇప్పుడు చేతులు తిప్పుకుంట సైగ జేస్తున్నది. రాయపోలామె ఆమెను చూసింది, నన్ను చూసింది.

"మొక్కు తీరిందని ఆపిన మేడం."

కౌంటర్ మేడం నెత్తి కొట్టుకున్నది.

"మొక్కా?"

"నిలువెత్తు బంగారం మొక్కు. తీరింది. తీరినంక గూడ సూది తీసుకుంటే అమ్మను నమ్మనట్టని ఆపిన. మొక్కు తీరింది గని మేడం, రోగం తీరలె. నాకు గప్పుడు తెల్వలె."

"ఇప్పుడు మీరు గీత కింద ఉన్నరు. నేను రూలు దాటలేను గదా."

"కింద ఉన్న మేడం, గని పైకే పోతున్న. ఇంకో నెలల మీ గీత కాడికొస్త. గప్పుడిస్తరు. గప్పటికి నా కొలువుండదు, ఈ కార్డుండదు. కార్డు లేనిదానికి మీరేం ఇస్తరు?"

డాక్టరమ్మ కండ్లద్దాలు తీసి తుడుచుకున్నది. బయట లైన్ల ఎవరో దగ్గుతున్నరు.

"నడుమ ఆగిన కేసని రాయొచ్చు నేను" అన్నది. "గని ఎందుకు ఆగిందో సరైన కారణం ఉండాలె. పేషెంటు తన ఇష్టంతోని ఆపిందంటే పైన ఒప్పుకోరు. ఏమని రాయాలె?"

సారు నోరు తెరిచిండు గని, గంతల్నే అత్త ముంగటికొచ్చింది. సారును మోచేత్తోని పక్కకు జరిపి, ఫోనుకు ముక్కు తాకేటట్టు నిలవడ్డది.

"నా పేరు రాసుకో అమ్మా. నేనే ఆపిచ్చిన."

"మీరెవరమ్మా?"

"దాని అత్తను. దానికి సూది పొడుసుకోవాల్ననే ఉండె. నేను వద్దన్న. సదువుకున్నోళ్లు దానికి చెప్పిన్రు గని నాకెవ్వలు చెప్పలె. నాకు చెప్తే ఇనకపోదునా? మొక్కు మొక్కింది నేను, ఆపిచ్చింది నేను. శిక్ష దానికెందుకు? నాకెయ్యి."

ఆ మాట ఇన్నప్పటిసంది నేను మర్వలె. నిజమే గదా. మందు సంగతి మేం కోడలికి చెప్పినం, ఆమె ఇంటికి చెప్పలె. ఆ అత్త మా దవాఖానకొచ్చి నా ముంగట నిలవడి బరువడిగి పోయింది. ప్రసాదం మా చేతులల్ల వెట్టింది. అక్కా, సూది మాత్రం ఆపొద్దు అనే ఒక్క మాట మా అందరిల ఒక్కల నోట్లకెల్లి రాలె. పిల్లలూ, మీకు ఈ ముచ్చట చెప్పేదే గందుకు. పేషెంటుకు చెప్తే సరిపోదు. ఇంట్ల ఎవ్వల మాట నడుస్తదో వాళ్లకు చెప్పాలె.

డాక్టరమ్మ ఏదో రాసుకున్నది. చెప్తమని ఫోను వెట్టేసింది.

ఆమె చెప్పేదాంక మా కౌంటర్ మేడం బజ్జీలు బంద్ వెట్టింది. మొక్కు గాదట, తినబుద్ధి గాలేదట. రాయపోలామె మోకాళ్లకు పట్టీ కట్టుకొని బెల్టు కాడ నిలవడ్డది. సూపర్‌వైజరు చూసుకుంట పోతున్నడు, ఏమంటలేడని ఫోన్ల చెప్పేది. నేను మిషిను కాడ పని చేస్తున్నా చెవు కౌంటరు దిక్కే.

ఒకనాడు మేడం కుర్చీలకెల్లి ఒర్రింది. ఓపీ అంత తిరిగి చూసింది. "ఇచ్చిన్రే ఆయమ్మా! ఇచ్చిన్రు!" సిస్టరమ్మ సూది గుచ్చబోయి ఆగింది, ఆ పేషెంటు కండ్లు మూసుకొనే, "అయిపోయిందా?" అంటున్నడు.

పూర ఇయ్యలె. ఒక ఏడాదికే ఇచ్చిన్రు. ఏడాది తిరిగినంక మల్ల అడగాలె. నెలనెల బరువు చూడాలె. ఇంకొకటి గూడ రాసిన్రు, ఇంట్ల ఒకలు బాధ్యత తీసుకొని సూది తప్పకుంట చూడాలె, వాళ్లకు దవాఖానోళ్లు అంత సమజ్ జేసి చెప్పాలె అని. మేడం అది చదివి, "వచ్చే ఏడాది కాయితాలు నేను ఇప్పటిసందే తయారు వెడుత. సావనీ వాళ్లు, ఆపుమన్నా ఆప" అన్నది.

వారం తిరిగేసరికి, బేస్తారం అంటే గురువారం నాడు, అత్తాకోడండ్లు వచ్చిన్రు. సిస్టరమ్మ పెన్ను తీసింది. నేను చెయ్యడ్డం వెట్టిన.

"ఆగమ్మా. ఈ అక్క పొడుస్తది."

"నేనా?" అన్నది అత్త. రెండడుగులు ఎన్కకేసింది. "నా చెయ్యి వణుకుతది చెల్లె. నేను కోడిని గూడ కొయ్యను."

"కోసుడు గాదు, ఒత్తుడే. శిక్ష నాకెయ్యి అన్నవు గదా ఫోన్ల? గా డాక్టరమ్మ రాసుకున్నది. రా."

కోడలు పొట్ట మీది చీర జరిపింది. రాళ్లు కట్టినకాడ మచ్చ ఇంక పోలె. అత్త దాన్ని చూసింది, ఏలుతోని ఒకపారి మెల్లగ రాసింది. పెన్ను చేతుల వెట్టిన, మూత తీపిచ్చిన, మచ్చకు దూరంగ జాగ చూపిచ్చిన. ఆమె చెయ్యిని నేను పట్టుకోలె. ఇంటికాడ నేను ఉండను గదా పట్టుకునేటందుకు.

"ఆనిచ్చి ఒత్తు. తియ్యకు. మెల్లగ పది లెక్కవెట్టు."

లెక్కవెట్టింది. ఆమె లెక్క ఎంత నిదానమంటే, కోడలు, "అత్తా, పట్నం దాంక పోయినట్టున్నవు, ఇగ తియ్యి" అని నవ్వింది. అత్త నవ్వలె. పది అయినంకనే తీసింది. సూది దిక్కు, కోడలు మొఖం దిక్కు చూసింది.

"మల్ల ఎప్పుడు?"

"వచ్చే బేస్తారం."

"గా పై బేస్తారం?"

"గానాడు గూడ."

"ఎన్నాళ్లు చెల్లె గిట్ల?"

"నీ కోడలు కొలువుల నిలవడాల్నని నీకు ఉన్నన్నాళ్లు."

అత్త కొంగు నడుముల దోపుకున్నది. పెన్ను మూత గట్టిగ పెట్టి, దాన్ని నా చేతికియ్యకుంట తన సంచిల వేసుకున్నది.

"అయితే బేస్తారం బేస్తారం నేను ఏ సుట్టాలింటికి పోను" అన్నది. "పొమ్మన్నా పోను."